బ్యాటరీ మారినంతసేపు

"అద్దాలు ఎక్కించండి. బ్రేకు మీంచి కాలు తీయండి. కదలకండి."

మైకులో ఆడగొంతు ఇలా అంది. కారు పైకి లేచి, కింద బ్యాటరీ విప్పుతున్న చప్పుడు వినపడిందో లేదో, అతను తలుపు తీసుకుని దిగిపోయి, నేల మీద బోర్లా పడుకుని కారు కిందకి తొంగి చూశాడు.

అంతే. జానెడెత్తు లేచిన కారు లేచినచోటే ఆగిపోయింది. పాత బ్యాటరీని సగం విప్పిన ఇనపచేతులు అలిగినట్టు బిగుసుకుపోయాయి. పైన ఎర్రలైటు గిర్రున తిరిగింది. వెనక క్యూలో ఉన్న ట్యాక్సీలన్నీ ఒక్కసారే హారన్ అందుకున్నాయి.

గాజు క్యాబిన్లోంచి ఒకమ్మాయి దూసుకొచ్చింది. నీలం యూనిఫాం, మెడలో కార్డు, చేతిలో మైకు. కోపంలో మైకు ఆపడం మర్చిపోయింది గనక ఆ చీవాట్లు వీధి చివరిదాకా వినిపించాయి.

"కదలకండి అని చెప్పానా లేదా?"

"కారు కదల్లేదండీ. నేనే కదిలాను."

"తలుపు తెరిస్తే మిషన్ ఆగిపోతుంది! అక్కడ ఎందుకు పడుకున్నారు?"

"నా బ్యాటరీని ఎటు పట్టుకుపోతున్నారో చూద్దామని."

"మీ బ్యాటరీయా?" ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. "ఇక్కడ ఏ బ్యాటరీ ఎవరిదీ కాదండీ. ఖాళీది ఇస్తారు, నిండుది తీసుకుంటారు. మీరిచ్చింది లోపల ఛార్జి ఎక్కి, రేపు ఇంకెవరి కారులోకో వెళ్తుంది."

"అంటే, రేపు నాది నాకు రాదా?"

"రాదు."

"నిన్ననే కిందకి దూరి తుడిచానండీ దాన్ని, మెత్తటి గుడ్డతో!"

ఆమె ఆపుకోలేకపోయింది. ఆ నవ్వు మైకులోంచి వచ్చి వీధంతా పరుచుకుంది. కారణం తెలియకపోయినా జనం నవ్వారు. హారన్లు కూడా కాసేపు నోరు మూసుకున్నాయి.

అతని పని అక్కడే అయిపోయింది.

పాపం, అందులో అతని తప్పు కొంతే. పెరిగిందంతా నాన్న మెకానిక్ షెడ్డులో. ఆ షెడ్డులో రూలొకటే: విప్పిన సామాను కళ్ళముందే ఉండాలి, ఎవడి నట్టు వాడి బండికే పోవాలి. ఇంజిను చప్పుడు విని జబ్బేంటో చెప్పే మనిషి నాన్న. అలాంటి మనిషి, కొడుకు ట్యాక్సీ కోసం చప్పుడే లేని కరెంటు కారు తెచ్చుకుంటే ఊరుకుంటాడా?

"బొమ్మ కారు తెచ్చాడురా నా కొడుకు," అని షెడ్డుకొచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. దాంతో కొడుక్కే 'బొమ్మకారు' అని పేరు పడిపోయింది.

బొమ్మకారు పట్టించుకోలేదు. ఆ కారు చేసిన కంపెనీ అంటే అతనికి పిచ్చి. ఎవరు ఎక్కినా అదే కథ చెప్పేవాడు. నలుగురు కుర్రాళ్ళు పాత గోడౌన్లో మొదలుపెట్టారట. కరెంటు కారుని ఛార్జి కోసం గంటలు గంటలు గోడకి కట్టేసి ఎవడు కూర్చుంటాడని అందరూ వెక్కిరించారట. డబ్బున్న పెద్దమనుషులు కాఫీ ఇచ్చి, సలహా ఇచ్చి, దారి చూపించి పంపేశారట. సలహాకి ఖర్చుండదు కదా, అది మాత్రం ధారాళంగా ఇస్తారు.

"అప్పుడొకడు అన్నాడటండీ," అని బొమ్మకారు వెనక సీటు వైపు అద్దంలో చూస్తూ చెప్పేవాడు, "వెనకటి రోజుల్లో గుర్రం అలిసిపోతే రౌతు దాని పక్కన కూర్చుని గడ్డి మేపలేదు, ఇంకో గుర్రం ఎక్కి పోయాడు కదా, మనమూ అంతే చేద్దాం అని. ఎంత చిన్న మాట! ఎంత పెద్ద తెలివి!"

ఎక్కినవాళ్ళు ఫోన్లో తలదూర్చుకుని "ఊ" అనేవారు. ఎదుటివాడి సంతోషం వినే ఓపిక ఈ రోజుల్లో ఎవడికుంది?

ఆమెకి ఉంది. అదే విచిత్రం. స్టేషన్‌కి వెళ్ళిన ప్రతిసారీ అతను కంపెనీని పొగడటం, ఆమె క్యాబిన్లోంచి వెక్కిరించడం అలవాటైంది.

"ఏంటి బొమ్మకారు గారూ, పొద్దుటి నుంచి ఎంతమందికి చెప్పారు గుర్రం కథ?"

ఆ పేరు ఈవిడదాకా ఎలా వచ్చిందో! డ్రైవర్ల నోట్లో నువ్వుగింజ నానదు.

"మీకు చెప్పలేదుగా మైకు గారూ. చెప్పమంటారా?"

"వద్దు బాబోయ్! అద్దాలు ఎక్కించండి."

అద్దాలు ఎక్కాక వచ్చే ఆ కాసేపు అతనికి లోకంలో అన్నిటికంటే ఇష్టం. కారు మెల్లగా పైకి లేచేది. పాత బ్యాటరీ కిందకి దిగిపోయేది. కొత్తది ఇంకా అందేది కాదు. పాట ఆగిపోయేది, ఫ్యాను ఆగిపోయేది, స్క్రీను నల్లబడేది. కారుకి అప్పుడు గుండె లేదు. నేలా లేదు, దారీ లేదు. అద్దం అవతల నీలం దీపాల వెలుగులో, గాజు వెనక ఆమె ముఖం నీళ్ళలో చందమామలా కదిలేది. ఆమె ఒకసారి తలెత్తి చూసేది. అంతే, కింద ఎక్కడో 'టక్' మని చప్పుడయ్యేది. అది కొత్త బ్యాటరీ చప్పుడో, తన గుండె చప్పుడో అతనికి తెలిసేది కాదు.

"మార్పిడి పూర్తయింది. వెళ్ళి రండి."

వెళ్ళేవాడు. రావడం కోసమే వెళ్ళేవాడు. కొన్నిసార్లు సగం ఛార్జి ఉండగానే వచ్చేసేవాడు.

"బ్యాటరీ సగం నిండే ఉందిగా?" అని ఆమె అడిగితే, "ముందుజాగ్రత్తండీ," అనేవాడు.

ఒక వానరోజు స్టేషన్లో ఇంకెవరూ లేరు. చూరు మీంచి నీళ్ళు వెండితీగల్లా జారుతున్నాయి. కారు ఎక్కించి నిలబెట్టాడు. మైకులో గొంతు రాలేదు. ఆమే గొడుగేసుకుని కారు దగ్గరికి వచ్చి, అద్దం మీద వేలితో తట్టింది.

"అద్దం దించండి."

"ఎక్కించండి కదండీ మీ డైలాగు?"

"ఇవాళ్టికి దించండి."

దించాడు. నాలుగు చినుకులు లోపలికొచ్చి అతని ముఖం మీద పడ్డాయి. తుడుచుకోవాలని కూడా తోచలేదు.

"బ్రిడ్జి దగ్గర మన కంపెనీ కొత్త స్టేషన్ పెడుతోంది," అందామె, గొడుగు కర్ర తిప్పుతూ. "నన్ను అక్కడికి వెళ్ళమంటున్నారు. పెద్ద పోస్టు. ఇంకా ఏ మాటా చెప్పలేదు."

"ఎందుకని?"

"ఎందుకంటే..." ఆమె వానవైపు చూసింది. "ఇక్కడ కొందరు సగం ఛార్జి ఉండగానే వచ్చేస్తుంటారు. వాళ్ళేమైపోతారో అని."

అతను నిటారుగా కూర్చున్నాడు. "ఆదివారం మా నాన్నని తీసుకొస్తాను," అన్నాడు. "మిమ్మల్ని చూపించడానికి."

"నన్నా, మిషన్నా?"

"మిషన్ పేరు చెప్పి మిమ్మల్ని."

ఆమె గొడుగు ముఖానికి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు వాన అతని ఒక్కడి కోసమే కురిసింది.

ఇంతవరకూ బాగానే ఉంది. బాగున్నదాన్ని బాగుగా ఉండనిస్తే మనిషెలా అవుతాడు? ఇంత జరిగాక ఒక్క అందమైన మాట చెప్పాలనే దురద పుట్టింది బొమ్మకారుకి. బేరాల మధ్య స్టీరింగు పట్టుకుని ఒకటే ఆలోచన. చివరికి దొరికింది! స్టేషన్ మాటే, ఆమె రోజంతా చూసే పనే, ఆమెకి తప్ప ఇంకెవరికీ అర్థం కాని మాట.

శుక్రవారం బ్యాటరీ మార్చుకుని వెళ్ళబోతూ క్యాబిన్ పక్కన ఆపి, అద్దం దించి, గొంతు సవరించుకుని చెప్పాడు.

"మైకు గారూ, మా నాన్న వచ్చేలోపు మీకొక మాట చెప్పాలి. నేను మనసు మార్చుకున్నానండీ."

ఆమె తల దించుకుంది. "ఓహో," అంది. "మంచిది."

సిగ్గుపడిందనుకున్నాడు వెర్రివాడు. వెనక ఎవడో హారన్ కొట్టాడు. ఈలవేసుకుంటూ వెళ్ళిపోయాడు. ఆమె అటు తిరిగి ఫోన్ తీసి, బ్రిడ్జి స్టేషన్‌కి వెళ్తానని పైవాళ్ళకి చెప్పేసింది. వెళ్ళేది సోమవారమే.

ఆదివారం పొద్దున నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, వెనక సీట్లో కూర్చుని, సీటు గుచ్చి గుచ్చి చూశాడు.

"చప్పుడు లేని బండీ, ఉప్పు లేని కూరా ఒకటేరా."

"ఒక్కసారి చూడు నాన్నా. తర్వాత తిట్టు."

"ఇప్పుడూ తిడతాను, అప్పుడూ తిడతాను. నాకేం కరువు?"

స్టేషన్లో కారు ఎక్కించాడు. క్యాబిన్ వైపు చూసి నవ్వాడు. ఆమె తలెత్తలేదు.

"అద్దాలు ఎక్కించండి. బ్రేకు మీంచి కాలు తీయండి. కదలకండి."

మిషన్ మాట్లాడినట్టుంది. బొమ్మకారు నవ్వు ముఖం మీదే ఎండిపోయింది.

కారు లేచింది. బ్యాటరీ దిగింది. పాట, ఫ్యాను, స్క్రీను అన్నీ ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో నాన్న తిట్టబోయిన తిట్టు కూడా ఆగిపోయింది. జన్మంతా చప్పుళ్ళలో బతికిన మనిషి చెవి రిక్కించాడు.

"ఒరేయ్. ఆ పిల్లేనా నువ్వు చెప్పింది?"

"ఊ."

"ఆ గొంతులో ఏదో పట్టేసిందిరా. తడి దిగిన ఇంజిన్లా ఉంది. రాత్రంతా ఏడ్చిన గొంతది. ఏం చేశావు?"

"నేనేం చెయ్యలేదు! మొన్న చాలా మంచి మాట కూడా చెప్పాను."

"ఏమని?"

"మనసు మార్చుకున్నాను అని."

నాన్న నెత్తి కొట్టుకున్న చప్పుడు ఆ నిశ్శబ్దంలో తుపాకీ పేలినట్టు వినిపించింది.

"ఓరి నా బంగారుకొండా! పెళ్ళిచూపులకి నాన్నని తెస్తానని, మూడోరోజు మనసు మార్చుకున్నానంటే ఏ పిల్లకైనా ఏమని అర్థమవుతుందిరా? 'నువ్వు నాకొద్దు' అని కాదూ!"

బొమ్మకారుకి కాళ్ళకింద నేల లేదు. నిజంగానే లేదు, కారు జానెడెత్తున ఉంది. అయినా తలుపు తీసుకుని దూకేశాడు.

ఎర్రలైటు గిర్రున తిరిగింది. ఇనపచేతులు బిగుసుకున్నాయి. హారన్లు అందుకున్నాయి. క్యాబిన్లోంచి ఆమె వచ్చింది, ఈసారి కళ్ళెర్రగా.

"తలుపు తెరిస్తే మిషన్ ఆగిపోతుందని ఎన్నిసార్లు చెప్పాలి మీకు?"

"ఆగిపోనీ! ముందు ఇది చెప్పండి. ఇక్కడ మార్చుకోవడం అంటే ఏంటి?"

"ఏంటా పిచ్చి ప్రశ్న?"

"చెప్పండి మైకు గారూ, మీకు దండం పెడతాను!"

"ఒకటి ఇచ్చి ఇంకోటి తీసుకోవడం. కొత్తేముంది..." మాట సగంలో ఆగిపోయింది.

"నేను చెప్పిందీ అదేనండీ! నాది మీకిచ్చేశాను. మీది నేను తీసుకున్నాననుకున్నాను. బ్యాటరీ భాషలో చెప్తే బాగుంటుందనుకున్నాను. నా బుర్రకి అంతకంటే తోచలేదు!"

ఆమెకి నవ్వూ ఏడుపూ రెండూ ఒకేసారి వచ్చి తోసుకున్నాయి.

"మనుషుల భాషలో చెప్తే నోరు నొప్పా?"

"మీరంటే ఇష్టమండీ. చచ్చేంత ఇష్టం. ఇది మనుషుల భాషే."

హారన్లు ఆగిపోయాయి. ముందు కారు డ్రైవర్ వెనకవాడికి సైగ చేశాడు, ఉండరా అని.

"నేను రేపట్నుంచి బ్రిడ్జి స్టేషన్లో ఉంటాను," అందామె నేల చూస్తూ. "ఒప్పేసుకున్నాను. మీ వల్లే."

"ఉండండి. ఏ స్టేషన్లోనైనా మార్చుకోవచ్చు కదా. మీ కంపెనీ గొప్పతనం అదే కదా! నేను బ్రిడ్జికే వస్తాను. సగం ఛార్జి ఉండగానే."

"మళ్ళీ ఎవరిదో నిండుది కనిపిస్తే?"

"ఇది ఒక్కసారి మార్పిడేనండీ. తిరిగిచ్చేది లేదు."

వెనక అద్దం మీద ఎవరో దబదబా బాదారు. నాన్న.

"ఏమ్మా! నా కొడుకు మనసేమో నీ దగ్గర, బ్యాటరీ ఏమో భూమిలోపల, నేనేమో గాల్లో! ముందు నన్ను కిందకి దింపండి తల్లీ, మిగతావి తర్వాత మాట్లాడుకుందాం. మీ పెద్దవాళ్ళు ఇంట్లో ఎప్పుడుంటారో అది మాత్రం ఇప్పుడే చెప్పు."

ఆమె చెంపలు తుడుచుకుని క్యాబిన్లోకి పరుగెత్తింది. బొమ్మకారు వచ్చి కూర్చున్నాడు. తలుపు పడింది. ఇనపచేతులు కదిలాయి. మళ్ళీ ఆ నిశ్శబ్దం, మళ్ళీ ఆ నీలం వెలుగు, గాజు వెనక ఆ ముఖం. కింద 'టక్' మంది.

మైకు కాసేపు గరగరలాడింది.

"మార్పిడి పూర్తయింది. వెళ్ళి రండి..." గొంతు కొంచెం తడబడి, తర్వాత తేలికైంది. "...మావయ్య గారూ."

నాన్న కళ్ళజోడు తీసి, ఇస్త్రీ చొక్కా కొసతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"పోనీరా," అన్నాడు. "నెమ్మదిగా పోనీ. ఆ చప్పుడు ఇంకాసేపు విననీ."

"చప్పుడెక్కడిది నాన్నా? ఇది కరెంటు కారు కదా."

"నీకు వినపడదులే."