మూడో రొట్టె

బావి గట్టున నీళ్లు పోసుకుంటున్న భర్త మొలతాడు ముళ్లను ఆండాలు కంటితోనే లెక్కపెట్టింది. పదకొండు. జారినప్పుడల్లా సాయిలు దాన్ని బిగించి ఒక ముడి వేసుకుంటూ వచ్చాడు. ఏడాదిన్నరలో మనిషి మెల్లగా కరిగిపోయాడు.

లాల్‌దర్వాజాలో రెండిళ్ల వాళ్లు అతని దగ్గర పాలు మానేశారు. పాలవాడు నిండుగా ఉంటేనే పాలు చిక్కగా ఉంటాయని వాళ్ల నమ్మకం. చిక్కిపోతే క్షయ అంటారు. ఆండాలు భయమూ అదే. ఆమె మేనమామ ఇలాగే కరిగి చనిపోయాడు. పది రోజులుగా చంటిపిల్లను ఆమె భర్త చేతికివ్వడం లేదు.

అత్త బాలమ్మ మూడు జొన్నరొట్టెలు పెట్టింది. సాయిలు రెండు తిన్నాడు. మూడోది కండువాలో కట్టుకున్నాడు. ఎవరికని అడిగితే, తోవలో తింటానన్నాడు. ముఖం చూడకుండా చెప్పాడు. ఆండాలులో మరో అనుమానం లేచింది. పిల్లను అత్త ఒడిలో పెట్టి, అతని వెనకే నడిచింది.

మొఘల్‌పురాలో పాలు పోసి, సాయిలు ఒక కట్టెల అడితిలోకి వెళ్లాడు. రొట్టెను అక్కడి ఎద్దుకు పెట్టాడు. తర్వాత కట్టెలు తూచే పెద్ద తక్కెడలో ఎక్కి కూర్చున్నాడు. అడితి యజమాని రెండో పళ్లెంలో రాళ్లు సర్ది, "వహీ వజన్, భాయ్. ఆరు నెలల సంది గింత గూడ పెరగలే" అన్నాడు.

గుమ్మంలో భార్యను చూసి సాయిలు తక్కెడ దిగాడు. ఇద్దరూ ఇంటికి నడిచారు. వాకిట్లో అడుగుపెట్టగానే ఆండాలు నిలదీసింది.

"నీకు క్షయనా? నిజం చెప్పు. పిల్లను తీస్కొని మా తల్లిగారింటికి పోత."

"రోగం లేదు. రావద్దనే చేస్తున్న."

ఏడాదిన్నర కింద పాలబిందెతో మెట్లెక్కుతుంటే ఊపిరి ఆడలేదట. ఒళ్లు తగ్గాలన్నాడట హకీం. నెలకు సేరు బరువు తగ్గితే చాలు, అంతకు మించొద్దు, బండి మాని నడువు, ఒక్క రొట్టె తగ్గించు అన్నాడట.

"'ఉపాసముండి తగ్గినోడు పండుగకు మళ్ల పెరుగుతడు. తగ్గినంక గూడ గిట్లనే తినాలె, ఉన్నన్ని రోజులు' అన్నడు. అందుకే ఇంకా తూగుతున్న."

"గీ మాట ఇంట్ల చెప్తే ఏమైతుండె?"

సాయిలు వంటింటి వైపు చూసి గొంతు తగ్గించాడు. "బాపుకు గూడ గిట్లనే ఊపిరాడకపోతుండె. నలభై ఏండ్లకే పోయిండు. తొమ్మిది రొట్టెలు తింటుండెనని అవ్వ ఇప్పటికీ మురిపెంగ చెప్పుకుంటది. నాకు హకీం చెప్పింది ఆమెకెట్ల చెప్పాలె?"

తలుపు దగ్గర బాలమ్మ నిలబడి ఉంది. చంకలో పిల్ల. అంతా విన్నది.

"మీ బాపు ఆయాసమొస్తుందంటే, నీరసమనుకున్న బిడ్డా," అంది. "ఇంకో రొట్టె ఏసిన. నెయ్యి పోసిన. నా చేతులతోని..."

ఆండాలు వెళ్లి పిల్లను అందుకుంది. నేరుగా భర్త దగ్గరికి నడిచి అతని చేతుల్లో పెట్టింది. సాయిలు పిల్లను భుజాన వేసుకుని తల్లి ముందు నిలబడ్డాడు.

"నాకు చెప్పెటోడు దొరికిండు అవ్వా. నీకు ఎవరు చెప్పిన్రు?"

బాలమ్మ ఏడుస్తూ కొడుకును కావలించుకుంది. ఎన్నో ఏళ్ల తర్వాత ఆమె రెండు చేతులూ అతని నడుము చుట్టూ తిరిగి, వెనక ఒకదాన్నొకటి అందుకున్నాయి.