దారం తెంపే చోట

"నేను రానంటే రానే," అంది మిషనమ్మ, చేతిలోని కాగితాన్ని బల్ల మీద బోర్లా పెట్టేస్తూ.

కూతురికి ఏం చెయ్యాలో తోచలేదు. ఒంటి మీద నర్సు బట్టలు, భుజాన సంచి... ఇంకో పావుగంటలో ఆస్పత్రిలో ఉండాలి. గుమ్మంలో ఆమె ఆరేళ్ళ కూతురు పిచ్చుక ఎడమ చెప్పు కుడికాలికి, కుడి చెప్పు ఎడమకాలికి వేసుకుని ఎప్పుడో తయారైపోయింది. ఊళ్ళో పాటల పండుగ మొదలై మూడు రోజులైంది. ఇవాళ పిల్లలూ పెద్దలూ కలిసి నేర్చుకునే రోజు. పిల్లతో పాటు ఇంటి నుంచి పెద్దవాళ్ళొకరు తప్పకుండా రావాలనీ, తమ ఇంట్లో పాడుకునే పాట ఒకటి అందరికీ నేర్పాలనీ ఆ కాగితంలో ఉంది. కిందనే బడిలో పాటలు నేర్పే పంతులమ్మ పేరు. అది చూశాకే మిషనమ్మ మొహం ముడుచుకుపోయింది. ఆ పంతులమ్మ ఆమెకు స్వయానా చెల్లెలు.

"పిన్ని మీద కోపానికి దీన్నెందుకమ్మా ఏడిపిస్తావు?"

"నాకెవరి మీదా కోపం లేదు."

"అవును మరి. అందుకే ఎలా ఉన్నావు, తిన్నావా తప్ప మీ మధ్య మూడో మాట లేదు."

మిషనమ్మ వంగి పిచ్చుక చెప్పులు విప్పి సరిగ్గా వేసింది. అంటే వస్తున్నట్టే. కూతురు హమ్మయ్య అనుకుని, తల్లి మళ్ళీ మనసు మార్చుకునేలోపు గబగబా గేటు దాటేసింది.

దారి పొడుగునా పిచ్చుక వాగుతూనే ఉంది. మిషనమ్మ మనసు మాత్రం వెనక్కి, ఎక్కడో నలభై నాలుగేళ్ళ వెనక్కి పోయింది. అమ్మ పోయేనాటికి తనకు పద్దెనిమిది, చెల్లికి నాలుగు. ముందు గదిలో కిటికీ పక్కన కుట్టుమిషను. దాని కింద గుడ్డపీలికల మూట, ఆ మూట మీద చెల్లెలు. మిషను చప్పుడు కాస్త ఎక్కువసేపు ఆగితే లేచి కూర్చునేది! అందుకని తొక్కుతూనే అమ్మ జోలపాట పాడేది తను. పాటంటే తనకూ ప్రాణమే. కానీ ఇద్దరినీ సంగీతానికి పంపే స్థోమత ఎక్కడిది? చెల్లెల్ని పంపింది. పెళ్ళయ్యాక అత్తారింటికి కూడా మిషన్నీ, చెల్లెల్నీ వెంటబెట్టుకునే వెళ్ళింది. "కోడలొచ్చిందా, కొట్టు వచ్చిందా?" అని అత్తగారు నవ్వింది కూడా. ఎంత బాగుండేవి ఆ రోజులు... చేతిలో ఏమీ లేకపోయినా ఇల్లంతా పాటే ఉండేది.

ఆ పాట ఒక్కమాటతో ఆగిపోయింది. చెల్లెలి మొదటి కచేరీ. చివర్లో అమ్మ జోలపాట పాడదామనీ, వెనక కూర్చుని అక్క కూడా గొంతు కలపాలనీ అనుకున్నారు. ముందు రోజు పాడి చూసుకుంటుంటే, చేతిలో ఏదో కుట్టుపనితోనే కూర్చున్న మిషనమ్మ ప్రతి వరుసకీ మధ్యలో ఆగిపోయేది. మృదంగం వాయించే అతను ఫక్కున నవ్వాడు. చెల్లెలు వెనక్కి తిరగనైనా తిరగకుండా, "అక్కా, నీకు తాళం నిలవదు. నువ్వు ఊరికే కూర్చో," అంది. చెల్లెలు కట్టుకున్న చీరకు తను అంచు కుట్టి ఇంకా పూట కూడా కాలేదు. మిషనమ్మ ఊరికే కూర్చుంది. ఇరవై ఆరేళ్ళుగా మళ్ళీ పెదవి కదపలేదు.

బడి హాలంతా సంతలా ఉంది. ఓ మూల డబ్బాల్లో గులకరాళ్ళు పోసి మోగిస్తున్నారు. ఇంకో మూల కుండల మూతికి మందపాటి కాగితం అంటించి డోళ్ళు చేస్తున్నారు. మధ్యలో తల్లులూ తండ్రులూ చిన్న చిన్న సంచులు కుట్టి, గింజలు నింపి, పిల్లల ముంజేతులకు కట్టే గలగలలు తయారు చేస్తున్నారు. ఒకాయన సంచిని తన చొక్కా చేతికే కలిపి కుట్టేసుకుని, లేవబోయి తెల్లమొహం వేశాడు.

"వచ్చావా అక్కా," అంది పంతులమ్మ. మిషనమ్మ ఆమెను సరిగ్గా చూసి ఎన్నాళ్ళయిందో, జుట్టు సగం నెరిసింది. కళ్ళజోడు వచ్చింది.

"ఆఁ. పిల్ల కోసం."

అంతే. మిషనమ్మ పోయి గింజల సంచుల దగ్గర కూర్చుంది. ఆ కుట్లు చూస్తూ ఊరుకోవడం ఆమె వల్ల కాలేదు. "ఇలా కుడితే చెయ్యి ఊపకముందే గింజలన్నీ నేల పాలు. ఇలా ఇవ్వండి," అని సూది లాక్కుంది. ముందు చొక్కా ఆయనకు విముక్తి కలిగించి, తర్వాత సంచులన్నీ తన ముందేసుకుంది. పాడే పని తప్పించుకోవడానికి ఇంతకన్నా మంచి సాకు ఏముంటుంది?

పాటల వంతు వచ్చింది. అమ్మమ్మ కుట్టు దగ్గర్నుంచి లేవకపోవడంతో పిచ్చుకే లేచి నిలబడింది. హార్మోనీ ఆయన శ్రుతి అందించాడు.

"వానంతా వెలిసింది..."

అని ఆగింది. హార్మోనీ ముందుకు పోయింది. పిచ్చుక మాత్రం తీరిగ్గా ఓ క్షణం ఆగి, "...పడుకోవె తల్లీ" అంది. రెండో వరుసలోనూ అంతే. హాల్లో కిసుక్కుమని నవ్వులు.

"పాపా, తాళం తప్పుతోందమ్మా," అన్నాడు హార్మోనీ ఆయన.

"తప్పలేదు. మా పాటలో ఇక్కడ ఆగాలి. మా అమ్మ కూడా ఆగుతుంది," అంది పిచ్చుక. మళ్ళీ నవ్వులు. పిల్ల పెదవి వణికింది.

మిషనమ్మ చేతిలో సూది సగం కుట్టులో ఆగింది. తన తప్పు ఉయ్యాల్లో కూతురికీ, కూతురి నుంచి దీనికీ అంటుకుందా? ఇప్పుడు ఆ పంతులమ్మ దీన్ని కూడా ఊరికే కూర్చోమంటుందా? పసిదాని గొంతు కూడా ఇవాళ్టితో మూగబోతుందా...

"ఇంకోసారి పాడమ్మా," అంది పంతులమ్మ.

పిచ్చుక కళ్ళు తుడుచుకుని మొదలుపెట్టింది. "వానంతా వెలిసింది..."

ఆ ఖాళీలో, హాలు చివర, మిషనమ్మ తల తనకు తెలియకుండానే వంగింది. దారం పంటి కిందకి పోయింది. రెండో వరుసలో మళ్ళీ వంగింది, సరిగ్గా అక్కడే. కట్టుడు పళ్ళకు దారం తెగలేదు, అది వేరే సంగతి.

పంతులమ్మ చూసింది. చూస్తూ నిలబడిపోయింది. తర్వాత జనాన్ని తప్పించుకుంటూ వచ్చి అక్క ముందు నేల మీద కూలబడింది.

"దారం తెంపడానికి ఆగేదానివా అక్కా..."

మిషనమ్మకు అర్థం కాలేదు. "ఏంటే?"

"నోట్లో దారం పెట్టుకుని పాడలేవుగా. అందుకే ఆగేదానివి. మిషను కింద పడుకుని రోజూ విన్నదాన్ని నేనే. సంగీతం చదివాక ఆ సంగతే మర్చిపోయాను. నీకు తాళం లేదన్నాను. నువ్వు తెంపిన ఆ దారాలతోనే కదక్కా నాకు పాటొచ్చింది... నన్ను క్షమించు."

మిషనమ్మకు కూడా అది ఇప్పుడే తెలిసింది! తనకు నిజంగానే తాళం లేదనుకుని ఇన్నేళ్ళూ నోరు కట్టేసుకుంది. ఏడుపు తన్నుకొచ్చింది. "ఇప్పుడు పళ్ళెక్కడివే, కత్తెరే గతి," అంది ఏడుస్తూనే. చెల్లెలు నవ్వబోయి భోరుమంది. ఇరవై ఆరేళ్ళ నాటి మాట ఇద్దరి మధ్య నుంచీ అలా కరిగిపోయింది.

పంతులమ్మ లేచి అక్క చేతిలోని సూదీ దారం తీసి పక్కన పెట్టింది. ఆ చేతిని పట్టుకునే అందరి వైపు తిరిగింది. "పాప పాడిందే సరైన పద్ధతి. ఇది మా ఇంటి పాట. వెలిసింది అన్న దగ్గర అందరూ ఆగండి. అక్కడ మా అక్క దారం తెంపుతుంది."

హాలంతా అందుకుంది. తండ్రులు, తల్లులు, గలగలలు కట్టుకున్న పిల్లలు... "వానంతా వెలిసింది" అని అంతమందీ ఒక్కసారిగా ఆగారు. ఆ నిశ్శబ్దంలో ఒక్క గొంతు మాత్రం ఆగకుండా, "పడుకోవె తల్లీ" అంటూ సాగిపోయింది. కాస్త బొంగురు పోయిన గొంతు. మిషనమ్మది. చేతిలో దారం లేదు, ఆగాలన్న సంగతే ఆమెకు తట్టలేదు.

పిచ్చుక చెంగు పట్టుకుని లాగింది. "అమ్మమ్మా, తప్పావు. అక్కడ ఆగాలి."

"ఊరుకోవే," అంది పంతులమ్మ, అక్క చెయ్యి వదలకుండానే. "మా అక్కను పాడనీ."