ఉతకని తొడుగు

2024 అక్టోబరు 16, బుధవారం. ముసురు పట్టి మూడోరోజు. గాలి లేదు, ఎండ లేదు, జల్లెడ పట్టినట్టు సన్నటి వాన. బందరులో ఇలాంటి రోజుల్లో దండెం మీద బట్టలు ఆరవు, ముక్కిపోయిన వాసన వేస్తాయి. నా చొక్కా కూడా వేస్తోంది. దాంతోనే గొడుగు పట్టుకుని మధ్యాహ్నం మూడింటికి ధనుంజయరావు ఇంటికి బయల్దేరాను.

ధనుంజయరావూ నేనూ బి.ఎ.లో ఒకే బెంచీ. చుట్టరికం లేదు గాని బావా అంటే బావా అనుకుంటాం. 1974లో, మాకు ఇరవై మూడేళ్ళప్పుడు, తండ్రి చేత పొలం అమ్మించి అతనొక సినిమా తీశాడు. పేరు 'జిగురు మనిషి'. వేరే గ్రహం నుంచి ఒక జీవి వచ్చి దివిసీమ మడ అడవుల్లో పడుతుంది. ఒళ్ళంతా జిగురు. ముట్టుకున్నవాళ్ళు కరిగిపోతారు. కథ నాదే. ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంటుంది గాని, అప్పట్లో నాలుగు ఇంగ్లీషు పుస్తకాలు చదివిన పొగరు. గుడివాడలో వారం ఆడింది. ఎనిమిదోరోజు ఆ హాల్లో భక్తి సినిమా వేశారు. తర్వాత నేను హైస్కూల్లో సోషల్ మాస్టారుగా చేరి, ముప్పై నాలుగేళ్ళు అశోకుడు చెట్లు నాటించెను అని చెప్పుకుంటూ గడిపేశాను.

యాభై ఏళ్ళకి ఆ చెత్తకి కాలం కలిసొచ్చింది. పాత చవక సినిమాలు వెతికి, శుభ్రం చేసి, డిస్కులుగా వేసే చిన్న కంపెనీ ఒకటి చెన్నైలో ఉందట. అలాంటివి కొని ఇంట్లో పెట్టుకుని చూసి నవ్వుకునేవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారట. వేసవిలో వాళ్ళ తరఫున లిఖిత అనే అమ్మాయి వచ్చి, ధనుంజయరావు అటక మీద రీలు డబ్బాలు తీసుకెళ్ళింది. అప్పుడు నేనూ ఉన్నాను. మూత తీయగానే గుప్పున పుల్లటి వాసన. ఫిల్ము కుళ్ళితే వెనిగర్ వాసన వస్తుందండీ, మామూలే, అంది ఆ అమ్మాయి. నాకది వెనిగర్‌లా లేదు. విరిగిపోయిన పాలలా ఉంది. ఆ వేళ అన్నం తినలేదు నేను.

ఇవాళ్టి పని ఏమిటంటే, సినిమా నడుస్తుంటే ధనుంజయరావూ నేనూ పక్కన కూర్చుని ఆ రోజుల కబుర్లు చెప్పాలి. దాన్ని రికార్డు చేసి డిస్కులో పెడతారు.

"రా బావా, రచయితా. నీ కళాఖండం చూసి ఏడుద్దాం," అన్నాడు ధనుంజయరావు, కుర్చీలోంచి లేవకుండానే. లిఖిత మా ముందు మైకులు సర్దుతోంది. గోడకి పెద్ద టీవీ. గుమ్మం పక్కన పీట మీద శేషమ్మ కూర్చుని ఉంది.

శేషమ్మ పెడన నుంచి బస్సులో వచ్చింది. కలంకారీ అద్దకం పని. వేళ్ళ సందుల్లో ఎరుపు, నలుపు. జిగురు మనిషి తొడుగులో ఉన్నది ఆవిడ తండ్రి, అప్పయ్య. ఆవిడ తల్లి కడుపులో ఉండగానే అతను పోయాడు. అతని ఫోటో ఒక్కటీ లేదు. షాటుకీ షాటుకీ మధ్య కెమెరా ఆపకుండా వదిలేసిన ముక్కలు కూడా దొరికాయనీ, వాటినీ సినిమాతో కలిపి వేస్తాననీ, తల తొడుగు తీసినప్పుడు అతని ముఖం ఎక్కడైనా పడి ఉండొచ్చనీ లిఖిత ఫోన్లో చెప్పిందట. అందుకే వచ్చింది.

"కనిపిస్తాడంటారా మాస్టారూ?"

"చూద్దాం అమ్మా."

"పోయేటప్పటికి ఆయనకి ఇరవై ఎనిమిదేనంట. నాకు యాభై. ఇప్పుడు కనబడితే నేనే ఒరేయ్ అబ్బాయ్ అనాలి," అంది నవ్వుతూ. నేను నవ్వలేకపోయాను.

ఎందుకో చెప్పాలి. తొడుగు కుట్టిందీ అప్పయ్యే. పెడనలో గుడ్డని కరక్కాయ కలిపిన గేదెపాలలో నానబెట్టి, ఆరబెట్టి అద్దుతారు, రంగు పాకకుండా. నల్లరంగేమో తుప్పుపట్టిన ఇనుముని బెల్లం నీళ్ళలో రెండు మూడు వారాలు పులియబెట్టి తీస్తారు. అద్దకం అయ్యాక పారే కాలవలో ఉతికి, ఉడకబెట్టి, మళ్ళీ ఉతుకుతారు. ఉతక్కుండా ఏ గుడ్డనీ ఒంటికి తగలనివ్వరు. అప్పయ్య తొడుగుని ఆ పద్ధతిలోనే చేసి ఉతకబోతుంటే ధనుంజయరావు ఆపాడు. ఉతికితే ఆ జిడ్డు మెరుపు పోతుందన్నాడు. పైగా రోజూ పొద్దున దాని మీద తుమ్మజిగురూ పచ్చిపాలూ పూయించాడు.

"పాలు విరుగుతాయండీ. ఒంటికి మంచిది కాదు," అన్నాడు అప్పయ్య, ఒకే ఒకసారి.

జిప్పు లేదు. అతన్ని లోపల నిలబెట్టి వీపు మీద కుట్టేవాళ్ళం. పొద్దున కుట్టేది నేను. సాయంత్రం కోసేదీ నేనే. హంసలదీవి దగ్గర ఎండలో, ఆ కంపులో, తొమ్మిది రోజులు. తొమ్మిదోరోజు సాయంత్రం తొడుగు లాగితే చర్మం కూడా వచ్చింది, ఉడికిన దుంప మీద తొక్కలా. కింద తెల్లగా ఏదో కదిలింది. నేను పక్కకి పోయి కక్కుకున్నాను. "ఏం అనుకోకండి బాబూ," అన్నాడు అతను. నాకు చెప్పాడు ఆ మాట.

జీపులో బందరు ఆస్పత్రికి తీసుకొచ్చాను. తెల్లవారకుండానే పోయాడు. ఇంటివాళ్ళకి విషజ్వరమని చెప్పాను. చెప్పమన్నది ధనుంజయరావు, చెప్పింది నేను. శేషమ్మకి ఆ బుధవారం దాకా అదే తెలుసు.

సినిమా మొదలైంది. మేమిద్దరం ఏవో వాగాం. పళ్ళెం బోర్లించి తీసిన అంతరిక్ష నౌక గురించి ధనుంజయరావు చెప్తుంటే లిఖిత నోరు మూసుకుని నవ్వింది. అతని కూతురు జ్యోతిర్మయి టీ తెచ్చింది. ఒక గుక్క తాగి గ్లాసులోకి ఉమ్మేశాను. పాలు విరిగిపోయి ఉన్నాయి. నాలుక మీద ముద్దలు.

"ఇప్పుడేగా ప్యాకెట్ కోసింది," అంటూ మళ్ళీ పెట్టుకొచ్చింది. అవీ విరిగాయి.

మూడోసారి తేలేదు. గదిలో వాసన మొదలైంది. పులిసిన బెల్లం, తుప్పు, పాలు. లిఖిత ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుంది.

తెర మీద సముద్రం. జిగురు మనిషి ఇసుక మీద ఎడమ కాలు ఈడ్చుకుంటూ వస్తున్నాడు. శుభ్రం చేసిన బొమ్మ... గుడివాడ హాల్లో కనిపించనివన్నీ కనిపిస్తున్నాయి. చేతి తొడుగు అంచు దగ్గర వేళ్ళు. బూడిదరంగు, ముడతలు... గోళ్ళు లేవు.

"మా నాన్న ఎడం కాలే ఈడ్చేవాడంట. అమ్మ చెప్పేది," అంది శేషమ్మ మెల్లగా.

లిఖిత కాగితం చూసి, "ఇది పదో రోజు షూటింగండీ. క్లాపు పలక మీద తేదీ ఉంది," అంది.

నేను ధనుంజయరావు వైపు చూశాను. పదో రోజు నేను పెడనలో ఉన్నాను, శవం దగ్గర. పదకొండో రోజు తిరిగి వెళ్ళేసరికి తొడుగు వేసుకుని ఎవరో నిలబడి ఉన్నారు. ఎవరని నేను అడగలేదు. ఆ తర్వాత అప్పయ్య పేరు మేమిద్దరం ఎప్పుడూ ఎత్తలేదు.

"బావా, ఎవర్ని పెట్టావు అప్పుడు?" అన్నాను గుసగుసగా.

"నేను పెట్టడమేమిటి? నువ్వు పంపావుగా."

"నేను ఎవర్నీ పంపలేదు."

"పొద్దున్నే వచ్చి నిలబడ్డాడయ్యా. కుట్టేసి ఉంది. నువ్వే కుట్టి పంపావనుకున్నాను."

"నేను పెడనలో ఉన్నాను."

"మరి సాయంత్రం విప్పింది?"

"నేను కాదు..."

మైకులు అలాగే ఉన్నాయి. పది, పదకొండు, పన్నెండు, పదమూడు. నాలుగు రోజులు ఆ కుట్లు ఎవరూ విప్పలేదు.

తెర మీద పదమూడో రోజు షాటు అయిపోయింది, కెమెరా ఆగలేదు. జిగురు మనిషి కదలకుండా నిలబడ్డాడు. అందరూ అతనికి దూరంగా ఉన్నారు. అంచున నేను, ఇరవై మూడేళ్ళవాణ్ణి, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని. కళ్ళ రంధ్రాల మీద ఈగలు వాలాయి. లోపలికి వెళ్ళాయి. బయటికి రాలేదు.

"నీళ్ళు ఎవరూ ఇవ్వరేంటండీ?" అంది శేషమ్మ. "అంత ఎండలో."

తెర మీద అతను తల తొడుగు తీయలేదు. సముద్రంలోకి నడిచి మునిగిపోయాడు. సినిమా అయిపోయింది.

"మా నాన్నకి వచ్చింది విషజ్వరం కాదు కదండీ," అంది శేషమ్మ, లేచి నిలబడి.

నేను నేలకేసి చూశాను. టీవీ కింద గచ్చు మీద తెల్లగా, చిక్కగా ఏదో కారి ఉంది. చీమలు కూడా దాన్ని ముట్టలేదు.

డిస్కు నవంబరులో వచ్చింది. అట్ట మీద రాక్షసుడి వేషం వేసింది ఎవరన్న చోట 'తెలియదు' అని వేశారు. ఏం వెయ్యమంటారని లిఖిత ఫోన్ చేస్తే ఆ మాట చెప్పింది నేనే. చెప్పి వెళ్ళి నోరు కడుక్కున్నాను.

ధనుంజయరావు డిసెంబరులో పోయాడు. ఒళ్ళంతా పుండ్లు. షుగర్ అన్నాడు డాక్టరు. బందరు ఇల్లు జ్యోతిర్మయికి వచ్చింది. చల్లపల్లి వైపు మిగిలిన ఎకరన్నర తమ్ముడి కొడుకు గిరిధర్‌కి. సినిమా మీద హక్కులన్నీ నా పేర రాశాడు. వద్దనడానికి మనిషి లేడు. శేషమ్మకి ఏమీ రాలేదు. ఇప్పించాల్సినవాణ్ణి నేను, ఇప్పించలేదు. ఒక డిస్కు మాత్రం తన డబ్బుతో తెప్పించుకుంది.

నిన్న ఫోన్ చేసింది.

"మాస్టారూ, మీ దాంట్లో సినిమా ఎంతసేపుందండీ?"

"గంటా ముప్పై నాలుగు నిమిషాలు."

"నాది మొన్నటి నుంచీ నడుస్తానే ఉందండీ. ఉత్త అలలు. నిన్న సాయంత్రం తల పైకొచ్చింది. ఇప్పుడు ఒడ్డున కూర్చున్నాడు, ఇటు వీపు పెట్టి."

"ఆపెయ్యమ్మా."

"ఎందుకాపుతానండీ... ముఖం చూడాలి కదా. ఎవరో వెనక నుంచి కుట్లు కోస్తున్నారు. మనిషి కనపడటం లేదు, చేతులే." టీవీ దగ్గరికి జరిగినట్టుంది. "ముసలాయన చేతులండీ."

ఫోన్ పెట్టేశాను. చేతులు ముక్కు దగ్గరికి తెచ్చుకోవడానికి నాకు ధైర్యం చాలలేదు.