కడగని మొక్క

"ఇది మీదేనా?"

కౌంటర్ మీద ఠక్కున ఒక గాజు సీసా వచ్చి నిలబడింది. సీసాలో కాసిని నీళ్లు, నీళ్లలో కందిగింజంత నత్త, సీసా వెనక ఒక అమ్మాయివి రెండు పెద్ద కళ్లు. అక్వేరియం షాపు కుర్రాడు ముందు కళ్లనే చూశాడు. నత్త ఆ తర్వాత కనిపించింది.

"నత్తలు మేం అమ్మమండీ."

"అమ్మరు, ఊరికే ఇస్తారు! మొన్న మీ దగ్గర కొన్న మొక్కతో మా తొట్టిలోకి దిగింది. చంపడానికి నాకు చేతులు రావు. మీ ప్రాణి, మీరే పెంచుకోండి."

"ఆకు వెనక ఉండుంటుంది. చూసుకోలేదు."

"పక్క వీధిలో కళ్లద్దాల షాపులో పనిచేస్తాను. వచ్చి చూపు పరీక్ష చేయించుకోండి!"

వెటకారానికి అన్న మాటే. కానీ అతను మర్నాడే వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. ఆమెకు నవ్వాగలేదు. అతని ఒక కన్ను మూసి, ఎదురుగా నిలబడి అడిగింది.

"ఇప్పుడెలా ఉంది?"

"చాలా బాగుంది."

"నేనింకా అద్దం పెట్టలేదండీ."

చూపు బ్రహ్మాండంగా ఉందనీ, లోపం ఎక్కడో వేరేచోట ఉందనీ తేల్చి పంపించింది.

ఎవరైనా మొక్క కొంటే, నత్తలు పోయేలా పటిక నీళ్లలో ముంచి, ఆకు ఆకూ తిప్పి కడిగి ఇవ్వడం ఆ షాపు పద్ధతి. మొదటిసారి జరిగింది నిజంగా పొరపాటే. రెండోసారి ఆ అమ్మాయి నాచు కావాలని వచ్చినప్పుడు మాత్రం, పటిక నీళ్ల మీద అతని చేయి ఆగిపోయింది. కడిగితే నత్త పోతుంది. నత్త పోతే ఈ అమ్మాయి మళ్లీ ఎందుకొస్తుంది?

కడగలేదు. అబద్ధమైతే ఆడలేదు కదా అని సర్దిచెప్పుకున్నాడు. దేవుడికి దండం పెట్టేటప్పుడు మాత్రం ఆ సర్దుబాటు గొంతులో అడ్డం పడేది.

ఇక వారం వారం సీసా వచ్చేది. మొదట ఒకటీ రెండూ, తర్వాత లెక్కపెట్టలేనన్ని.

"మీ చుట్టాలొచ్చారండీ!"

"పిల్లాజెల్లాతో సహానా!"

ఒక ఆదివారం తొట్టి శుభ్రం చేసి సర్దిపెట్టడానికి అతను ఆమె ఇంటికి వెళ్లాడు. మూడోవంతు నీళ్లు బక్కెట్లోకి తోడి, ఫిల్టర్ స్పాంజిని ఆ నీళ్లలోనే పిండాడు. వంకర కొమ్మ ఒకటి మధ్యలో నిలబెట్టాలి, దానికి మొక్కను దారంతో కట్టాలి. దారం అతని చేతిలో జారిపోతూనే ఉంది. ఆమె లాక్కుంది. కళ్లద్దాలకు చీమతలంత మరలు బిగించే వేళ్లు అవి, చిటికెలో ముడి వేసేశాయి.

"అంత గట్టిగా వద్దు. వేరు పట్టేదాకా నిలిస్తే చాలు."

"ఆ తర్వాత?"

"దారం అక్కర్లేదు. అదే పట్టుకుంటుంది."

ఇద్దరూ మొక్కను చూడడం మానేశారు. సోఫాలో కూర్చున్న ఆమె తండ్రి గట్టిగా దగ్గాడు. ఆయన బస్సు డ్రైవరుగా రిటైరైన మనిషి.

తర్వాతి వారం జోరువాన. ఆమె తడుస్తూ వచ్చింది. చేతిలో సీసా లేదు.

"తొట్టి తీసేస్తున్నాను. ఈ నత్తలతో నావల్ల కాదు. చేపల్ని ఎవరికైనా ఇచ్చేస్తాను. ఇంక మీ షాపుకు పని లేదు."

అతని గుండె జారి పటిక నీళ్లలో పడింది.

"ఒక్కటి అడుగుతాను," అందామె. "మా షాపులో అక్క కూడా మొక్కలు మీ దగ్గరే కొంది. ఆవిడ తొట్టిలో ఒక్క నత్త లేదు. నాకే ఎందుకు?"

మీ అదృష్టం అనేస్తే గండం గడిచిపోతుంది. కానీ తొట్టీ పోతుంది, ఆమె కూడా పోతుంది. నిజం చెప్పినా ఆమె పోతుందేమో! ఎలాగూ పోయేటప్పుడు నిజమే మేలనుకున్నాడు.

"అందరి మొక్కలూ కడుగుతానండీ. మీవే కడగను. కడిగితే మీరు రారని."

ఆమె మొహంలో అది కోపమో నవ్వో, చూపు బ్రహ్మాండంగా ఉన్నవాడికే అంతుపట్టలేదు.

"అడగాల్సింది అడిగేశావు కదమ్మా," ఆమె వెనకే వచ్చి, గుమ్మంలో గొడుగు ముడుస్తూ ఆమె తండ్రి అన్నాడు. "మరి నీ మేత సంగతి చెప్పావా?"

"నాన్నా!"

"ఉన్నవి నాలుగు చేపలు బాబూ. పూటకు గుప్పెడు మేత వేస్తుంది. వద్దమ్మా అంటే నత్తలు పస్తుంటాయంటుంది!"

మేత మిగిలితేనే నత్తలు పెరుగుతాయని రోజూ పదిమందికి చెప్పే అతనికి, ఇన్నాళ్లూ ఆ ముక్క తట్టనే లేదు.

"అంటే... మీరు కావాలనే..."

"అవును!" ఆమె మొహం ఎర్రబడింది. "నత్త దొరక్కపోతే ఏ మొహం పెట్టుకుని రావాలి? ఇందాక చెప్పింది కూడా ఉత్తదే. తొట్టి ఎక్కడికీ పోదు. మీరెప్పటికీ నోరు విప్పరని, అలా అన్నాను!"

ఇద్దర్ని కలపడానికి దేవుడు ఇంత జిగురు దారి ఎందుకు ఎంచుకున్నాడో ఆయనకే తెలియాలి.

"ముప్పై ఏళ్లు బస్సు నడిపాను," అన్నాడు తండ్రి. "ఇంత నత్తనడక ప్రయాణం ఎక్కడా చూడలేదు. గేరు మార్చు బాబూ. మీ పెద్దవాళ్లతో ఎప్పుడు మాట్లాడమంటావు?"

"ఇప్పుడే!"

షాపు పైనే అతని ఇల్లు. "అమ్మా!" అని అతను పెట్టిన కేకకు తొట్లలో చేపలన్నీ ఒక్కసారి గిరుక్కున తిరిగాయి.

"ఏమైందిరా? వస్తున్నా!" పైనుంచి మెట్ల మీద చెప్పుల చప్పుడు మొదలైంది.

ఆమె గబగబా తడిజుట్టు సర్దుకుని, అతని చెవి దగ్గరకు వంగింది.

"ఏమండీ... నత్తల సంగతి మాత్రం అత్తయ్యగారికి చెప్పకండి."