మూత విప్పని మలాం

"ఇవి చేతులా, గరుకు కాగితమా?" అంది నూనెకొట్టు అమ్మాయి.

వాళ్లిద్దరి మధ్యా అదే మొదటి మాట. పుస్తకాలు బైండింగ్ చేసే అబ్బాయి చేతులు వెనక్కి లాక్కోబోయాడు. ఆమె వదల్లేదు. బొటనవేళ్ల పక్కన, కణుపుల మీద చర్మం నెరెలు విచ్చి ఉంది. చేతిలోని తడిని రోజంతా కాగితం పీల్చేస్తుంది. మిగిలింది జిగురు చూసుకుంటుంది.

"బైండరునండీ," అన్నాడు, నేరం ఒప్పుకుంటున్నట్టు.

"ఊళ్లో పుస్తకాలన్నిటికీ అట్టలేస్తారు, మీ సంగతి మాత్రం చూసుకోరన్నమాట."

ఆమె బల్ల మీద ఒక చిన్న రేకు డబ్బా పెట్టింది. ఎండు పూలను నలభై రోజులు ఆలివ్ నూనెలో నానబెట్టి, వడకట్టి, తేనెమైనంతో కాచిన మలాం.

"పడుకోబోయే ముందు రాసుకోండి. పగలు వద్దు, కాగితాలకి మరకలవుతాయి. రెండు వారాల్లో మీ చేతుల్ని మీరే గుర్తుపట్టలేరు. మానకపోతే మళ్లీ రండి."

ఆ చివరి మాటే కొంప ముంచింది.

మానకపోతే మళ్లీ రావాలి. మరి మానితే? ఇంటికెళ్లి, డబ్బా మూత చుట్టూ అంటించిన కాగితం పట్టీని గోటితో కాస్త లేపాడు. కాసేపు ఆలోచించి, తిరిగి అంటించేశాడు.

తన సంగతి తనకి తెలియక కాదు. చిన్నప్పుడు జ్వరమొస్తేనే అమ్మ పనులు పక్కనపెట్టి దగ్గర కూర్చునేది. ఒళ్లు చల్లబడగానే నవ్వి, నుదురు తట్టి లేచిపోయేది. ఆవిడ తప్పేం లేదు, ఆవిడకి వంద పనులు. కానీ బాగున్నవాడి దగ్గర ఎవరూ కూర్చోరన్న నమ్మకం అతని లోపల ఎక్కడో అలాగే ఉండిపోయింది.

రెండు వారాలకి వెళ్లాడు. ఆమె అతని అరచేతిని వెలుతురుకి తిప్పి, కనుబొమలు ముడిచి చూసింది.

"రోజూ రాస్తున్నారా?"

"మీరు చెప్పినట్టే."

"నిద్రలో నాకేస్తున్నారేమో."

"అంత రుచిగా ఉంటుందా?"

ఆమె పకపకా నవ్వి, నూనె పెంచి కాచిన రెండో డబ్బా ఇచ్చింది. ఆ నవ్వు అతనికి పదిహేను రోజులు సరిపోయింది. మూడోసారి, మైనం తగ్గించి కాచిన డబ్బా ఇచ్చింది. ఈసారి నవ్వలేదు. చేతులు మాత్రం చాలాసేపు పట్టుకుంది. తన మీద దిగులే అనుకుని అతను గాల్లో తేలుతూ ఇల్లు చేరాడు.

నాలుగోసారి వెళ్లేసరికి వాన. బల్ల వెనక ఆమె బదులు వాళ్ల అమ్మమ్మ ఉంది.

"ఆ చేతుల అబ్బాయివి నువ్వేనా? ఏదీ, చూడనీ." చూసి నిట్టూర్చింది. "సరే. అయిపోయింది."

"ఏమిటి మామ్మగారూ అయిపోయింది?"

"మా ఇంట్లో ఒక పద్ధతుంది బాబూ. కాచే గరిటె చేతికివ్వాలంటే ముందు సొంతంగా మలాం కాచి, ఆరు వారాల్లో ఒక మనిషి చేతులు బాగుచెయ్యాలి. ఎవరి చేతులో వాళ్లే ఎంచుకోవాలి. మా అమ్మ నాకూ ఇదే ఎగ్జామ్ పెట్టింది. నా మనవరాలు నిన్ను ఎంచుకుంది. గడువు ఇవాళ్టితో సరి."

"మరి ఇప్పుడు?"

"ఓపికున్నన్నాళ్లూ నేనే కాస్తాను. ఆ తర్వాత పొయ్యి ఆరుతుంది. అదేమో, 'నా చేతిలోనే ఏదో లోపముంది అమ్మమ్మా' అంటూ లోపల సీసాలు సర్దేస్తోంది."

చెప్తే ఆమె తన మొహం చూడదు. చెప్పకపోతే ఆమె ఇక పొయ్యి మొహం చూడదు. అతను ఎక్కువసేపు తూచలేదు. "పది నిమిషాలు, మామ్మగారూ!" అంటూ వానలోకి పరుగెత్తాడు.

తడిసి ముద్దయి తిరిగొచ్చేసరికి ఆమె కూడా బల్ల దగ్గరికి వచ్చి ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. అతను మూడు డబ్బాలూ ఆమె ముందు పెట్టాడు. మూడింటికీ పట్టీలు అలాగే ఉన్నాయి.

"ఒక్కటీ విప్పలేదండీ. తప్పు మీ మలాంది కాదు. చేతులు మానిపోతే ఇక్కడికి రావడానికి వంక ఉండదని..."

ఆమె మూడు పట్టీల మీదా వేలు పోనిచ్చింది.

"ఆరు వారాలు," అంది. "నూనె తప్పా, పూలు తప్పా, నేనే తప్పా అని ఆరు వారాలు నన్ను నేను తిట్టుకున్నాను. తమరేమో తీరిగ్గా చెయ్యి చూపించుకుంటున్నారా! తలుపు తోసుకొచ్చి బాగున్నారా అంటే నేనేమైనా కరుస్తానా?"

"ఊరికే వస్తే, ఎందుకొచ్చావంటారేమోనని."

అతను జాలి కోసం అనలేదు. నిజంగానే జవాబు తెలియని మనిషిలా అన్నాడు. ఆమె కోపం తగ్గలేదు గానీ, ఎటు వెళ్లాలో తెలియక ఒక క్షణం ఆగిపోయింది. తర్వాత ఒక డబ్బా పట్టీ చర్రున చింపింది.

"చేతులిలా పెట్టండి."

గట్టిగా రుద్దింది.

"మండుతోందా?"

"బాగా."

"మండనీ."

అమ్మమ్మ పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "గడువు ఇవాళ్టి నుంచి మళ్లీ మొదలు. అబ్బాయ్, రోజూ ఇక్కడికే వచ్చి రాయించుకో. నిన్ను నమ్మి డబ్బా ఇంటికి పంపేది లేదు."

పన్నెండు రోజులకి నెరెలన్నీ పూడిపోయాయి. పద్నాలుగో రోజున అమ్మమ్మ ఆ చేతులు నొక్కి చూసి, వాసన చూసి, గరిటె మనవరాలికి అందించింది.

మర్నాడు సాయంత్రం అతను కొట్టు బయట చాలాసేపు నిలబడ్డాడు. నొప్పి లేదు, అడగవలసింది లేదు, చూపించవలసింది లేదు. ఇంత ఖాళీ చేతులతో ఎవరి గడపా తొక్కి ఎరగడు. చివరికి తలుపు తోశాడు.

ఆమె పొయ్యి దగ్గర ఉంది. వెనక్కి తిరగలేదు.

"ఏం కావాలండీ?"

"ఏమీ వద్దు. ఊరికే వచ్చాను."

గరిటె ఒక చుట్టు తిరిగింది, ఇంకో చుట్టు తిరిగింది.

"ఎగ్జామ్ పెట్టిన వారం ఇంకో ముగ్గురు వచ్చారు," అంది ఆమె, మలాంతో మాట్లాడుతున్నట్టు. "వాళ్ల చేతులైతే వారంలో మానేవి."

"మరి నావెందుకు ఎంచుకున్నారు?"

ఆమె మంట తగ్గించింది.

"చాలా రోజులు పడుతుందని."