రెడీ లైటు వెలగలేదు

బటన్ నొక్కుతాడు.

టిక్... టిక్... టిక్...

అంతే. డాష్‌బోర్డు మీద దీపాలన్నీ ఒక్కసారి మిణుక్కుమని ఆరిపోతాయి. బండి కదలడానికి సిద్ధమని చెప్పే 'రెడీ' లైటు వెలగనే లేదు.

"ఇదే వరస. గంట నుంచీ ఇంతే," అంటాడు స్టీరింగ్ ముందు కూర్చున్న బక్కపలచటి మనిషి. మాట మెకానిక్‌తో. చూపు మాత్రం ర్యాంపు మీద.

రాత్రి ఏడున్నర. అపార్ట్‌మెంటు సెల్లారు. నాలుగు ట్యూబులైట్లలో రెండు వెలగటం లేదు.

మెకానిక్ టూల్‌బాక్సు కింద పెడతాడు. అలవాటుగా బానెట్ మీద అరచెయ్యి ఆనించి, దేవుణ్ణి తలుచుకుంటాడు. బండి ఎవరిదైనా సరే, ముట్టుకునే ముందు ఆ ఒక్క క్షణం ఆయనకు కావాలి.

ప్లగ్-ఇన్ హైబ్రిడ్. పెట్రోలుతోనూ నడుస్తుంది, గోడ ప్లగ్గు నుంచి ఎక్కించుకున్న కరెంటుతోనూ నడుస్తుంది. రెండూ ఉన్నా ఇప్పుడు అడుగు కదలటం లేదు.

చార్జింగ్ వైరు తీసేశారా అని అడుగుతాడు. అది పెట్టి ఉంటే బండి కదలదు.

బక్కమనిషి దిగి కారు చుట్టూ తిరుగుతాడు. ముందు కుడివైపు వెతుకుతాడు. తర్వాత ఎడమవైపు. చార్జింగ్ మూత ఎక్కడుందో తెలియదు!

మెకానిక్ చూస్తాడు. 

మూత మూసే ఉంది. వైరు గోడ మీది కొక్కేనికి చుట్టి ఉంది. మరి తాళంలో సెల్ అయిపోయిందేమో? రిమోట్‌ని బటన్‌కు ఆనించి నొక్కమంటాడు.

బక్కమనిషి మళ్ళీ ఎక్కుతాడు. మోకాళ్ళు స్టీరింగ్‌కు కొట్టుకుంటాయి.

టిక్... టిక్...

సీటు బాగా ముందుకు జరిపి ఉంది. ఎవరో పొట్టివాళ్ళు నడిపే బండి. రోజూ తనే నడిపేవాడైతే మోకాళ్ళు అలా మడుచుకుని కూర్చుంటాడా?

"బండి మీదేనా సార్?"

"మా ఇంటిదే."

నాదే అనలేదు. మా ఇంటిదే!

మెకానిక్‌కు పాత సంగతి గుర్తొస్తుంది.

నాలుగు నెలల క్రితం ఇలాగే ఒకాయన పిలిచాడు. మర్యాదగా మాట్లాడాడు. ఈయన స్టార్ట్ చేసి ఇచ్చాడు. తీరా చూస్తే అది దొంగబండి. మూడు రోజులు స్టేషన్లో బల్ల మీద పడుకున్నాడు. ఇంకోసారి ఇలా జరిగితే షెడ్డు లైసెన్సు రద్దు చేస్తామన్నారు. ఇరవై రెండేళ్ళ షెడ్డు. ఆయనకు చేతనైన పని అదొక్కటే. ఇంటికి రాగానే భార్య చేతిలో చెయ్యి వేసి మాటిచ్చాడు... బండి ఎవరిదో అసలు మనిషిని అడగందే రెడీ లైటు వెలిగించనని.

వెనక తలుపు తియ్యబోతాడు.

బక్కమనిషి ఒక్క గెంతులో దిగి అడ్డం నిలబడతాడు.

"వెనక అక్కర్లేదు. ఏం చేసినా ముందు నుంచే చెయ్యండి."

వెనక అద్దాలు నల్లవి. తెరిచి ఉన్న ముందు తలుపులోంచి చూస్తే, వెనక సీటు మీద దుప్పటి. దుప్పటి కింద ఏదో ఎత్తుగా...

కదిలిందా?

కదిలింది!

మెకానిక్ చూపు తిప్పేసుకుంటాడు. చూడనట్టే బానెట్ ఎత్తుతాడు.

జబ్బు తెలియడానికి అర నిమిషం కూడా పట్టదు. చక్రాలు తిప్పే పెద్ద బ్యాటరీ నిండుగానే ఉంటుంది. దాన్ని నిద్ర లేపాల్సిన చిన్న బ్యాటరీ పడిపోయింది. మీటరు పెడితే ఏడు వోల్టులు చూపిస్తోంది, పన్నెండు ఉండాల్సింది. బండి వారాల తరబడి కదలకపోతే ఇంతే. టైర్ల మీద దుమ్ము కూడా అదే చెబుతోంది.

పడిపోయిన బ్యాటరీకి బయటి నుంచి కరెంటు అందించే జంప్ ప్యాక్ వ్యాన్‌లో ఉంది. రెండు క్లిప్పులు తగిలిస్తే రెండు నిమిషాల పని.

కానీ బానెట్ లోపలి వైపు సర్వీసువాళ్ళ చీటీ ఉంది. దాని మీద ఓనరు ఫోన్ నంబరు.

సామాను తెస్తానని వ్యాన్ దగ్గరికి నడుస్తాడు. వ్యాన్ తలుపు చాటున నిలబడి నంబరు కొడతాడు.

అవతలి గొంతు నెమ్మదిగా, గౌరవంగా ఉంది. సొంతంగా సెక్యూరిటీ ఏజెన్సీ నడుపుతున్నాడట. కారు తనదేనట. కారు తీయబోతున్న మనిషి సంగతీ, దుప్పటి కింద కదలిక సంగతీ చెబుతాడు మెకానిక్.

"అది నా భార్య. వాడు ఎత్తుకెళుతున్నాడు. మీరు నాకు దేవుడిలా దొరికారండీ. కారు మాత్రం కదలనివ్వకండి. పది నిమిషాల్లో పోలీసులతో వస్తున్నా."

 మెకానిక్ మనసు తేలికపడుతుంది. ఈసారి తప్పు జరగలేదు!

పది నిమిషాలు. ఎలాగైనా గడపాలి.

జంప్ ప్యాక్ తెస్తాడు. ఎర్ర క్లిప్పు పెట్టాల్సిన చోటే పెడతాడు. నల్ల క్లిప్పు మాత్రం రంగు వేసిన రేకుకు తగిలిస్తాడు. చూసేవాళ్ళకు బాగానే పెట్టినట్టు ఉంటుంది. రంగు మీద కరెంటు పారదు.

"నొక్కండి సార్."

టిక్... టిక్...

ఫ్యూజు అనుమానంగా ఉందంటాడు. ఒక్కో ఫ్యూజు పీకుతాడు. గుడ్డతో తుడుస్తాడు. మళ్ళీ పెడతాడు. పెళ్ళికూతుర్ని ముస్తాబు చేస్తున్నారా అని బక్కమనిషి పళ్ళు కొరుకుతాడు. ఈ కార్లు అలాగే ఉంటాయి సార్, తొందరపెడితే అలుగుతాయి అంటాడు మెకానిక్.

మూడు నిమిషాలు.

ఐదు.

ఏడు...

"అన్నయ్యా! ఇంకా ఎంతసేపు?"

కారు వెనక సీటు నుంచి. ఆడగొంతు.

మెకానిక్ చేతిలో ఫ్యూజు ఆగిపోతుంది.

అన్నయ్యా?

దుప్పటి తొలగుతుంది. పొట్టిగా, సన్నగా ఉన్న అమ్మాయి. ముప్ఫై కూడా ఉండవు. ఎడమ మణికట్టుకు తువ్వాలు చుట్టి ఉంది. చెయ్యి వంకరగా వేలాడుతోంది.

దాక్కోమన్నానుగా అని విసుక్కుంటాడు అన్న. కూర్చోలేకపోతున్నాను అంటుంది చెల్లెలు. ఆయన ఎనిమిదింటికల్లా వచ్చేస్తాడని గుర్తు చేస్తుంది.

"ఈ చెయ్యి... ఏమైందమ్మా?"

అమ్మాయి మెకానిక్ వంక చూస్తుంది. ఎంతవరకు చెప్పాలో తేల్చుకుంటున్నట్టు.

"మా ఆయన తలుపు సందులో పెట్టి నొక్కాడు బాబాయ్. మూడు వారాలుగా ఇంట్లోంచి బయటికి రానివ్వలేదు. కారు కూడా అప్పటినుంచి ఇక్కడే పడి ఉంది."

టైర్ల మీద దుమ్ము. పడిపోయిన బ్యాటరీ. ముందుకు జరిపిన సీటు.

కారు అన్నీ నిజాలే చెప్పింది. అర్థం చేసుకోవడంలోనే తను తలకిందులయ్యాడు!

ఆటోలో వెళ్ళకూడదా అని అడుగుతాడు.  కుదరదంటాడు అన్న. గేటు కాపలావాడు ఆయన మనిషి. చెల్లెలు నడిచి వెళ్తే ఆయనకు ఫోన్ చేస్తాడు. ర్యాంపు మీది గేటు ఈ కారు అద్దం మీది స్టిక్కరుకు దానంతటదే లేస్తుంది. అందుకే ఈ కారు.

"సార్... నేను ఆయనకు ఫోన్ చేశాను."

అన్న ఒక అడుగు ముందుకేస్తాడు.

"ఏమన్నావ్?"

"మిమ్మల్ని దొంగ అనుకున్నాను. వస్తున్నాడు."

అన్న మెకానిక్ కాలరు పట్టుకుంటాడు. పిడికిలి లేస్తుంది. మెకానిక్ అడ్డుకోడు. కొడితే కొట్టండి, ముందు కారెక్కండి అంటాడు.

పైన, గేటు దగ్గర బైకు ఆగిన చప్పుడు!

నల్ల క్లిప్పు పీకుతాడు. రంగు లేని బోల్టు... ఎక్కడ... ఇదిగో! తగిలిస్తాడు. ఈసారి చిన్న నిప్పురవ్వ.

"బ్రేకు తొక్కండి. నొక్కండి!"

టిక్కుమనలేదు. డాష్‌బోర్డు నిండా వెలుగు. పచ్చటి అక్షరాలు... రెడీ.

ర్యాంపు మీద అడుగులు. ఒక్కడివే. పోలీసులు లేరు.

మెకానిక్ క్లిప్పులు తీసి, బానెట్ మెల్లగా దించుతాడు. అమ్మాయి మళ్ళీ దుప్పటి కిందకు జారుతుంది.

తెల్లచొక్కా మనిషి వస్తాడు. దువ్విన తల. ముఖం మీద చిరునవ్వు. చేతిలో పిస్తోలు.

"మీకు చాలా థాంక్సండీ," అంటాడు మెకానిక్‌తో. తర్వాత కారు వైపు తిరిగి, "దిగు బావా," అంటాడు బక్కమనిషితో.

బక్కమనిషి స్టీరింగ్ వదలడు.

"కారు కదలదుగా?" అని అడుగుతాడు తెల్లచొక్కా, కళ్ళు తిప్పకుండానే.

ఇంజను మోత లేదు. పొగ లేదు. ఇలాంటి కారు కరెంటు మీద ఉన్నప్పుడు నిద్రపోతున్న దానిలాగే ఉంటుంది. ఓనరు పేరైతే ఈయనదే గానీ, ఈ కారును ఏనాడూ నడిపినట్టు లేదు.

"కదలదు సార్. బ్యాటరీ పడిపోయింది."

తెల్లచొక్కా తల ఊపుతాడు. వెనక తలుపు వైపు అడుగేస్తాడు. పిస్తోలు కిందకు వాలుతుంది.

మెకానిక్ అరచేత్తో బానెట్ మీద గట్టిగా చరుస్తాడు, వెంటనే పక్కకు గెంతుతాడు.

"పో!"

కారు చప్పుడు లేకుండా దూకుతుంది!

ఢాం!

వెనక అద్దం జలజలా రాలుతుంది. కారు ఆగదు. ర్యాంపు ఎక్కుతోంది. పైన గేటు లేస్తోంది... మెల్లగా... మరీ మెల్లగా...

కారు ఆగక తప్పలేదు. ఎర్రటి బ్రేకు లైట్లు. పగిలిన అద్దంలోంచి అమ్మాయి తల కనిపిస్తోంది.

తెల్లచొక్కా రెండు చేతులతో గురి పెడతాడు. తొందరేమీ లేదు అతనికి.

గురికీ కారుకూ మధ్య మెకానిక్ వచ్చి నిలబడతాడు. పిస్తోలు గొట్టం ఆయన ఛాతీకి జానెడు దూరం.

"పక్కకు జరుగు. నీకేం సంబంధం?"

"నిన్ను పిలిచింది నేనే."

వెనక గేటు పూర్తిగా లేచిన చప్పుడు. టైర్లు రోడ్డెక్కిన చప్పుడు.

ఢాం!