ఇద్దరు సాక్షుల గది

నాకు గుర్తున్నంతవరకు రెడ్ షట్టర్‌లో దీపాల వెలుతురు నీలం. ఈ మాట రాస్తున్నప్పుడు నా బల్లమీద ఒక పాత డైరీ తెరిచి ఉంది. ఇరవై ఎనిమిదేళ్ల కింద, అక్కడి నుంచి వచ్చిన మర్నాడే నేను రాసుకున్న వాక్యం అందులో కనిపిస్తోంది: "లోపలంతా ఎర్రటి వెలుతురు. అందరూ కొలిమి ముందు నిలబడ్డట్టున్నారు." అక్షరాలు నావే. కొలిమి పోలిక కూడా నాకు తోచగలిగినదే. కానీ కళ్లు మూసుకుంటే నీలమే వస్తుంది. కనుక ఈ కథలో నేను చెప్పేదాన్ని పాఠకులు కొంత సందేహంతోనే వినాలి. నా జ్ఞాపకం మీద ఇప్పుడు నాకు పూర్తి అధికారం లేదు.

రెడ్ షట్టర్ మాదాపూర్‌లో ఒక పాత గోదామును మార్చి కట్టిన క్లబ్బు. ఆ స్థలంలో ఇవాళ డ్రోన్లు దిగే తొమ్మిదంతస్తుల స్టాండ్ ఉంది. ఈ 2054లో డాన్స్ చేయడానికి ఎవరూ ఒకచోటికి వెళ్లడం లేదు. ఎవరి సంగీతం వారి చెవిలో, ఎవరి గుంపు వారి కళ్లద్దాల్లో ఉంటుంది. మా తరం మాత్రం ఒంటిని మోసుకుని వెళ్లేది. శుక్రవారం సాయంత్రం ఐదుగురం ఒకే పళ్లెం చుట్టూ కూర్చుని అరబ్బీ మందీ అన్నం తినేవాళ్లం. చేతుల వాసన పోవడానికి నిమ్మచెక్క రుద్దుకునేవాళ్లం. ఇద్దరు పట్టేంత టీషర్టు, ఆరు జేబుల కార్గో ప్యాంటు, మరక పడుతుందేమోనని నడకే మార్చుకోవలసినంత తెల్లటి బూట్లు, ఇదీ మా వేషం. ఆనాటి ఫొటోల్లో మేం అన్నల బట్టలు తొడుక్కున్న పిల్లల్లా ఉంటాం. వదులుగా ఉన్నదల్లా స్వేచ్ఛ అనిపించే వయసది.

ఆ రోజుల్లో ఇలాంటి చోట్ల ఒంటరి మగవాణ్ణి లోపలికి రానిచ్చేవారు కాదు. జంటగా వస్తేనే తలుపు తెరుచుకునేది. అందువల్ల నాలాంటివాళ్లు గేటు బయట నిలబడి, ఒంటరిగా వచ్చే ఏ అమ్మాయినో "లోపలిదాకా మాత్రమే" అని బతిమాలుకునేవాళ్లు. తనిఖీలకు చూపించడానికి తలుపు దగ్గర ఒక రిజిస్టరు ఉండేది. అందులో ఇద్దరి పేర్లూ పక్కపక్కన రాసి, లోపల అడుగుపెట్టగానే ఎవరి దారిన వారు వెళ్లిపోవడం అప్పటి ఆచారం. నాకు అలా దొరికిన తోడు లోహిత, హన్మకొండ అమ్మాయి. మొదటిసారి ఆమె నాతో "నడువు బ్రో" అనగా విన్న బౌన్సరు, "భర్తని బ్రో అంటరామ్మా?" అని నవ్వి మరీ గొలుసు తీశాడు. ఆ తరువాత ఏడాదిపాటు ప్రతి శుక్రవారమూ లోహిత, సుమంత్ అన్న మా పేర్లు పక్కపక్కనే పడ్డాయి.

ఆమె అవసరం వేరు. బార్ వెనుక పనిచేసే ఒక యువకుణ్ణి ఆమె ప్రేమించింది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాడు. పనివాళ్లు అతిథులతో చనువుగా ఉంటే అదే రోజు ఉద్యోగం పోయేది. ఒంటరి అమ్మాయి వారం వారం బార్ దగ్గరే కూర్చుంటే మేనేజరు కంట పడుతుంది. జంటగా వచ్చిన అమ్మాయి కూర్చుంటే పడదు. అతను కాక్‌టెయిల్ కోసం కోసిన పచ్చిమామిడి ముక్కల్లోంచి కొన్ని తీసి, ఉప్పూకారం చల్లి, సాసర్‌లో ఆమె ముందు పెట్టేవాడు. నేను కొంచెం దూరంలో నా గ్లాసు పట్టుకుని అదంతా చూసేవాణ్ణి. వాళ్ల సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

తరువాత ఆమెకు ఇంట్లో పెళ్లి కుదిర్చారు. ఆ వారమే ఫోన్‌లోని అతని ఫొటోలన్నీ ఆమె తన చేత్తోనే చెరిపేసింది. రెండేళ్లకు అతను సొంత ఊళ్లో జ్వరంతో పోయాడని ఎవరో చెప్పగా తెలిసింది. ఇదంతా ఆమె నాకు చెప్పింది చాలా ఏళ్ల తరువాత, కూర్పు గది వసారాలో.

కూర్పు గది గురించి చెప్పాలి. సికింద్రాబాద్‌లో మూతపడిన ఒక సినిమాహాలులో డాక్టర్ జబీన్ అనే నరాల శాస్త్రవేత్త దాన్ని నడుపుతున్నారు. మతిమరుపు వ్యాధి మొదలవుతున్నవారికి పాత చోట్లను తిరిగి చూపడం ఆమె అసలు ఉద్దేశం. వ్యాధి లేనివారి మీద ముందు పరీక్షించాలి గనుక, రెడ్ షట్టర్ రిజిస్టరు ఎక్కడో సంపాదించి, అందులోని పేర్ల ఆధారంగా నలభై ఒక్క మందిని మూడు ఆదివారాల ఉదయాలకు పిలిపించారు. గుండ్రంగా కుర్చీలు, ప్రతి తలకూ సెన్సర్ల పట్టీ. అందరూ ఒకే చోటును తలుచుకుంటారు. యంత్రం ఆ తలపులను పోల్చి చూసి, కనీసం ఇద్దరికి ఒకేలా గుర్తున్న వివరాన్ని మాత్రమే తీసుకుని, ఆ చోటును తిరిగి కట్టి అందరికీ అనుభవంలోకి తెస్తుంది. రెండు పక్షాలుగా చీలితే ఎక్కువమంది మాట నిలుస్తుంది. ఒక్కరికే గుర్తున్నది రొదగా లెక్కించి వదిలేస్తుంది.

నలభై నిమిషాల దాకా తలుపులు తెరవరు. ఎందుకని అడిగితే ఆమె లక్క పోలిక చెప్పారు.

"జ్ఞాపకం లక్కలాంటిది. తలుచుకున్నప్పుడు మెత్తబడుతుంది, మళ్లీ గట్టిపడటానికి అంతసేపు పడుతుంది. మధ్యలో లేచిపోతే ఎలా ఉంటే అలా గట్టిపడిపోతుంది."

మెత్తబడ్డ లక్క మీద ఇతరుల వేలిముద్రలు కూడా పడతాయని అప్పుడు మాకెవరికీ తోచలేదు. అంగీకార పత్రంలో చిన్న అక్షరాల్లో ఆ సంగతి ఉందట. యాభై దాటినవాళ్లం, కళ్లజోళ్లు బయట లాకర్లలో పెట్టి వచ్చాం.

మొదటి ఆదివారం వసారాలో కూర్చున్నంతసేపూ వాదులాటే. డీజే చివరి గంటలో తెలుగు పాటలు వేసేవాడని కొందరు, అలాంటి నాటుపని అక్కడ జరగలేదని కొందరు. చెవికి ఒక్క పోగు పెట్టుకునే ఫ్యాషన్ తనతోనే మొదలైందని ఒక బట్టతల పెద్దమనిషి పట్టుబడితే, ఆ పోగు తన దగ్గర అడిగి తీసుకున్నదేనని పక్కావిడ గుర్తుచేసింది. వెలుతురు ఎరుపా నీలమా అన్నది తేలకుండానే పిలుపు వచ్చింది.

పట్టీ బిగించాక మేమందరం రెడ్ షట్టర్‌లో ఉన్నాం. ఇంతకు మించి ఎలా చెప్పాలో తెలియదు. బేస్ శబ్దం పక్కటెముకల్లో మోగింది. అందరం ఇరవైమూడేళ్లవాళ్లం. నీలం కాంతి. రిజిస్టరు ఒక సాక్ష్యం, మమ్మల్ని కలిసి రాగా చూసిన ఇరవై రెండుమంది మరో సాక్ష్యం. వాటిని బట్టి యంత్రం నన్నూ లోహితనూ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టింది. అసలు మేమెప్పుడూ కూర్చోని బల్ల అది. లేవబోయాం, కాళ్లు రాలేదు. ఇద్దరికి గుర్తున్న దారుల్లోనే అక్కడ ఎవరైనా నడవగలరు. బార్ వెనుక ట్రేలు కదులుతున్నాయి, గ్లాసులు నిండుతున్నాయి. వాటిని పట్టుకున్న మనుషులకు ముఖాలుండాల్సిన చోట తుడిచిన పలకలున్నాయి. వచ్చినవారిలో ఏ ఇద్దరూ ఏ పనివాడి ముఖమూ గుర్తుపెట్టుకోలేదు. ఇంకొకటి కూడా గమనించాను. లోపలి నుంచి చూస్తే ఆ గోదాముకు తలుపు లేదు. గోడలే ఉన్నాయి.

తరువాత జబీన్ గారిని అడిగితే, "అందరికీ రావడం గుర్తుంది. వెళ్లడం ఏ ఇద్దరికీ ఒకేలా గుర్తు లేదు. నేనేం చేయను?" అన్నారు.

ఆ రోజే లోహిత నన్ను వసారాలో ఆపింది. జుట్టు నెరిసింది, పలకరింపు మాత్రం మారలేదు.

"బ్రో, నాకతని చెయ్యి యాదుంది. గొంతు యాదుంది. ముఖం పోయింది. నేనే తుడిచేసిన కదా. నీకుండాలి."

నీకు లేనిది నాకెలా ఉంటుందన్నాను.

"ఎందుకుండదు? అక్కడ నీకు చూసుడు తప్ప ఇంకో పని లేకుండె."

ఎగతాళిగా అన్నా నిజమే అన్నది. ఆమె అడిగింది చిన్న కోరికే. ఆమెకు గుర్తున్న చెయ్యికీ గొంతుకూ నేను ముఖాన్ని జతచేస్తే, మా ఇద్దరి సాక్ష్యాలూ ఒకే మనిషి దగ్గర కలుస్తాయి. అప్పుడు యంత్రం అతన్ని నిలబెడుతుంది. ఒక్కసారి చూస్తే చాలు, మళ్లీ ఇటువైపు రానంది. సరేనన్నాను.

రెండో ఆదివారం ఆమె బార్ దగ్గరికి వెళ్లడానికి నలభై నిమిషాలూ పెనుగులాడింది. ఆమె ఒంటరిగా అటు నడవడం ఆమెకు కాక నాకొక్కడికే గుర్తుంది. ఇద్దరం ఒకే క్షణంలో తలుచుకుంటేనే ఆ దారి తెరుచుకుంటుంది, ఆ క్షణం ఎప్పుడో నాకు తెలియలేదు. నాలుగడుగుల దూరంలో తన యవ్వనం ఉండగా ఆమె నా పక్కన కుర్చీకి అతుక్కుపోయి ఉండటం చూశాను. బయటికి వచ్చాక ఆమె, అతని గొంతు సరిగా అందడం లేదనీ, నా గొంతులా వినిపిస్తోందనీ చెప్పింది.

ఇద్దరం జబీన్ గారి గదికి వెళ్లాం. ఆమె దాచలేదు. గత వారమే తనకు అనుమానం వచ్చిందనీ, పట్టీలు విప్పాక అందరినీ విడివిడిగా ప్రశ్నిస్తే, ఎరుపన్న పద్దెనిమిదిమందీ ఇప్పుడు నీలం అంటున్నారనీ చెప్పారు. గదిలో తలుచుకున్న జ్ఞాపకం గదిలో కనిపించిన ఆకారంలోనే గట్టిపడుతోంది. తలుచుకోనిది మాత్రం చెక్కుచెదరడం లేదు.

"ఇంకొక్కసారి కూర్చుంటే మీ దగ్గర మిగిలింది కూడా పోవచ్చు. మానేయండి, లోహిత గారూ."

"మానేస్తే ముఖం వస్తదా, మేడమ్?"

రాదన్నారు. అయితే కూర్చుంటానంది. జబీన్ గారు నా వైపు తిరిగి, మూడోసారి సరిగ్గా ఇరవయ్యో నిమిషంలో ఒక చిన్న గంట మోగిస్తాననీ, అది వినగానే లోహిత అతని చెయ్యినీ నేను అతని ముఖాన్నీ తలుచుకోవాలనీ, పన్నెండు ఊపిరుల కాలం చాలనీ చెప్పారు. తప్పితే ఆమెకు ఏమీ మిగలదని నాకు వేరే చెప్పనక్కరలేకపోయింది.

మూడో ఆదివారం గంట మోగింది. నేను ప్రయత్నించాను. పన్నెండు ఊపిరులు లెక్కపెట్టాను. బార్ వెనుక పలక పలకగానే ఉండిపోయింది. లోహిత ఆ వైపే చూస్తూ ఉంది. తరువాత ఆమె చూపు మెల్లగా తిరిగి, పక్కనే ఉన్న ముఖం మీద ఆగింది. ఆ గదిలో ఆమెకు దగ్గరగా ఉన్న ముఖం నాదొక్కటే. బల్ల మీద సాసర్ ఉంది. అందులో పచ్చిమామిడి ముక్కలున్నాయి. ఆమెకూ నాకూ గుర్తున్నవే కనుక యంత్రం వాటిని ఒప్పుకుని, మేమున్న బల్ల మీద పెట్టింది.

పట్టీలు విప్పాక ఆమె కళ్లు తుడుచుకుని నవ్వింది. "ఇన్నేళ్లు ఎక్కడికి పోయినవ్, సుమంత్?" అంది. బ్రో అనలేదు.

అది జరిగి ఎనిమిది నెలలైంది. జబీన్ గారు గదిని మూసేసి, దాని గురించి ఒక నిజాయితీ గల నివేదిక రాశారు. లోహిత శుక్రవారం సాయంత్రాలు మా ఇంటికి వస్తుంది. మామిడికాయల కాలమైతే కాయ తెస్తుంది, నేను ముక్కలు కోస్తాను. అప్పట్లో నువ్వు ఇంకా సన్నగా కోసేవాడివి అంటుంది. మేనేజరు రాగానే సాసర్‌ను రుమాలు కింద దాచేవాడివి కదా అంటుంది. మెట్ల దగ్గర ఒక రోజు నువ్వన్న మాట మళ్లీ చెప్పమంటుంది. ఆ మాట ఏమిటో నాకు తెలియదు, నేనక్కడ లేను. ఏదో ఒకటి చెబుతాను, ఆమె కాదంటుంది, ఇంకొకటి చెబుతాను. ఆమె ఇంత సంతోషంగా ఉండగా నేను ఎరగను. చనిపోయిన మనిషి చొక్కా తొడుక్కుని, అది వదులైన చోటల్లా చేత్తో పట్టుకుని కూర్చున్నవాడిలా నేనుంటాను. ఈ ఇంటికి తలుపులున్నాయి. వాటిలోంచి ఎటు వెళ్లాలో తెలియదు.

లోహితకు నిజం చెప్పాలనుకుని ఒకసారి జబీన్ గారిని కలిశాను.

"మొదట ఆమె ఒక్కతే సాక్షి. ఇప్పుడు మీరొక్కరే. ఆమె నమ్మాలంటే ఇంకొకరు కావాలి, సుమంత్ గారూ. ఉన్నారా?"

లేరన్నాను.

ఇక వదిలేసిన సంగతి చెప్పి ముగిస్తాను. గంట మోగినప్పుడు ప్రయత్నించానని పైన రాశాను, దేనికోసమో రాయలేదు. ఆ ముఖాన్ని రాకుండా ఆపడానికి ప్రయత్నించాను. ఏడాదిపాటు ఆమెను గడప దాటించడానికి మాత్రమే పనికివచ్చినవాణ్ణి, పన్నెండు ఊపిరులపాటు మళ్లీ అదే పనికి ఒప్పుకోలేకపోయాను. గదిలో తలుచుకోలేదు కనుక ఆ ముఖం నాలో చెక్కుచెదరలేదు. ఎడమ కనుబొమ మీది గాటుతో సహా అలాగే ఉంది. నా యవ్వనం మొత్తంలో యంత్రం ముట్టనిది, నేను నిస్సందేహంగా నమ్మగలిగింది అదొక్కటే. అతని పేరు కూడా నాకు తెలుసు. నేను రాసే ప్రతిదీ లోహిత చదువుతుంది. ఇంత ఒప్పుకున్నాక ఇది ఆమె చేతికి ఇస్తానో లేదో నాకింకా తెలియదు. ఇచ్చినా, ఆమె అతన్ని వెతుక్కోవాలంటే ఇందులో అతని పేరు ఉండాలి. దాన్ని ఎక్కడా రాయలేదు. మరిచిపోయి కాదు.